గుర్తు ఎందుకు తిరగబడుతుంది?

మొన్న వీకెండుకి మా పెద్దక్క వాళ్ళింటికెళ్తే, పదకొండో తరగతి చదివే మేనల్లుడు లెక్కల పుస్తకంతో పట్టుకున్నాడు. "మామయ్యా, అసమీకరణాన్ని రెండు వైపులా మైనస్‌తో గుణిస్తే గుర్తు ఎందుకు తిరగబడుతుంది?"

"అది రూలురా, గుర్తుపెట్టుకో" అనేశాను. వాడు సరేనని రాసేసుకున్నాడు. నాకే ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకంటే ఆ రూలు ఒకసారి నా కొంప ముంచింది.

రెండేళ్ళ క్రితం ఓ ప్రీపెయిడ్ మాడ్యూల్ రాశాను. 500 రూపాయలు వేస్తే రోజుకి 20 కట్ అవుతుంది. బ్యాలెన్స్ 100 కన్నా తగ్గితే కస్టమర్‌కి మెసేజ్ వెళ్ళాలి. అంటే 500 − 20x < 100. నేను అతి తెలివితో దాన్ని సింప్లిఫై చేశా. −20x < −400, కాబట్టి x < 20. రావలసింది x > 20!

టెస్ట్ రాయలేదా అంటారేమో. రాశాను, సరిగ్గా 20వ రోజుకి. ఆ రోజు బ్యాలెన్స్ కచ్చితంగా 100. తప్పు షరతు పెట్టినా, ఒప్పు షరతు పెట్టినా జవాబు 'ఫాల్సే'. టెస్ట్ పాస్, రివ్యూ కూడా పాస్. డబ్బులున్నవాళ్ళకి రోజూ మెసేజ్‌లు, అయిపోవస్తున్నవాళ్ళకి నిశ్శబ్దం. చెప్పాపెట్టకుండా సర్వీసు ఆగిపోయిన ఓ పెద్దావిడ ఫోన్ కాల్‌ని మీటింగులో అందరికీ వినిపించారు. తలొంచుకుని విన్నాను.

ఒక్క గ్రాఫ్ గీసుంటే సరిపోయేది. 500 దగ్గర మొదలై 25వ రోజుకి సున్నాకి దిగిపోయే గీత ఒకటి, 100 దగ్గర అడ్డగీత ఒకటి. రెండూ 20 దగ్గర కలుస్తాయి. అడ్డగీతకి కిందున్న ముక్క 20కి కుడి వైపునే ఉంటుంది. చూస్తే తెలిసిపోతుంది, ఏ రూలూ అక్కర్లేదు.

పదో తరగతిలో గ్రాఫులు బోలెడు గీశాం. స్కేలు రాయకపోతే మార్కు పోతుందన్న భయమే తప్ప, ఎందుకు గీస్తున్నామో ఆలోచించలేదు. ఏ వైపు షేడ్ చెయ్యాలో తెలియకపోతే గీత మీద లేని బిందువు ఒకటి పెట్టి చూడమనేవారు మాస్టారు. నా టెస్ట్ సరిగ్గా గీత మీదే ఉంది!

పొద్దున్నే వాణ్ణి మళ్ళీ పిలిచాను. "5 రూపాయలున్నవాడు 3 ఉన్నవాడికన్నా గొప్పోడు. మరి 5 అప్పున్నవాడు, 3 అప్పున్నవాడికన్నా?"

"పేదోడు... ఓ, అందుకా మామయ్యా!"

అంతే. బ్రహ్మగుప్తుడు 628లోనే ఈ సంఖ్యల్ని ధనం, ఋణం అంటూ సూత్రాలు చెప్పాడు. మన తెలుగు వాచకంలోనూ అవి ధన సంఖ్యలు, ఋణ సంఖ్యలే. సమాధానం పేరులోనే ఉంది. 'నెగటివ్' అని బట్టీపట్టిన నాకే కనపడలేదు.

పిల్లలు "ఎందుకు" అనడిగితే "రూలు" అని మాత్రం చెప్పకండి. ఆ అప్పు ఎప్పుడో, ఎవరో తీర్చాల్సి వస్తుంది. నా విషయంలో ఆ పెద్దావిడ తీర్చింది.