ఫైళ్లు వేలు.. పంపేది ఒక్కొక్కటిగా!
అప్‌లోడ్ జాప్యానికి నెట్ ఒక్కటే కారణం కాదు

బీరువాల్లోని పాత దస్త్రాలను స్కాన్ చేసి రాజధానిలోని సర్వరుకు చేర్చే పని గ్రామ, మండల స్థాయి సిబ్బందికి నిత్యకృత్యమైంది. గడువు సమీపించిన రోజున తెరపై గుండ్రంగా తిరిగే గుర్తును చూస్తూ రాత్రి పొద్దుపోయే వరకు కూర్చోవడమూ పరిపాటే. కారణమడిగితే 'నెట్ నెమ్మది' అన్న సమాధానమే వినవస్తుంది. అందులో నిజం సగమే. మిగతా సగం ఫైళ్లను పంపే పద్ధతిలో ఉంది.

ఒక్కోటి 100 కిలోబైట్ల చొప్పున 10 వేల ఫైళ్లున్నాయనుకుందాం. మొత్తం ఒక గిగాబైటు. సెకనుకు 8 మెగాబిట్ల అప్‌లోడ్ వేగమున్న లైనుపై అది చేరడానికి 17 నిమిషాలు చాలు. అయితే ప్రతి ఫైలుకు ముందు సర్వరు అనుమతి పొందాలి, చివర అందినట్లు జవాబు రావాలి. ఈ లాంఛనాలకు ఫైలుకు అర సెకను పట్టినా గంటా 23 నిమిషాలు అదనం. మార్కెట్ యార్డుకు ఒక్కో బస్తాను ఒక్కో బండిలో తోలి, ప్రతి బండికీ గేటు వద్ద చీటీ రాయించుకున్నట్లుంటుంది వ్యవహారం.

ఫైళ్లన్నింటినీ జిప్ లేదా టార్ మూటగా కట్టి పంపడం దీనికి మొదటి విరుగుడు. జేపెగ్ చిత్రాలు ముందే కుదించినవి గనుక మూటకట్టినంత మాత్రాన పరిమాణం తగ్గదు. కలిసొచ్చేది తిరుగుడే. అలాగని అంతా ఒకే మూట చేస్తే మధ్యలో కరెంటు పోయినప్పుడు కథ మొదటికి వస్తుంది. చిన్న చిన్న మూటలుగా విడగొట్టడం, ఆగినచోటు నుంచి కొనసాగించే వీలున్న సాఫ్ట్‌వేరు వాడటం మేలు. మూటను స్వీకరించని చోట నాలుగైదు ఫైళ్లను ఏకకాలంలో పంపినా కాలం కలిసొస్తుంది.

ఈ విద్యలేవీ కొత్తవి కావు. ఫైళ్లు పంపే ఎఫ్‌టీపీ విధానాన్ని 1971లో రూపొందించిన అభయ్ భూషణ్ కాన్పూర్ ఐఐటీ పట్టభద్రుడు. ఎఫ్‌టీపీలో పాస్‌వర్డు బహిరంగంగా వెళుతుంది కనుక నేడు ఎస్‌ఎఫ్‌టీపీ వాడటం క్షేమం. 1996లో వచ్చిన ఆర్‌సింక్ రెండు చోట్లా సరిపోల్చి, లేనివీ మారినవీ మాత్రమే పంపుతుంది. నిన్న సగంలో ఆగిన పనిని నేడు అందుకోవడానికి ఇంతకంటే అనువైనది అరుదు. స్కానింగ్‌లోనూ పొదుపుంది. 600 డీపీఐకి బదులు 300 చాలనుకుంటే చుక్కల సంఖ్య నాలుగో వంతుకు దిగుతుంది.

పోర్టల్‌కు పట్టని గోడు

చిక్కంతా సిబ్బంది చేతిలో లేదు. మూట కట్టడం తెలిసినా, ఒక్కసారికి ఒక్క ఫైలునే తీసుకునే పోర్టల్ ముందు ఆ తెలివి అక్కరకు రాదు. సర్వరును అందరూ ఒకే గంటలో తట్టేలా సాయంత్రం 5 గంటలకు గడువు పెట్టేవారే మరునాడు జాప్యంపై సంజాయిషీ కోరుతుంటారు!

నష్టం కాగితాలతో ఆగదు. ఉపాధి హామీ పనుల్లో 2023 జనవరి 1 నుంచి ఎన్‌ఎంఎంఎస్ యాప్‌లో రోజుకు రెండుసార్లు కూలీల ఫొటోలు తీయడం తప్పనిసరైంది. సిగ్నల్ లేనిచోట తీసి, దొరికాక పంపే వెసులుబాటు యాప్‌లో ఉన్నా, ఫొటో చేరకపోతే ఎండలో మట్టి తవ్విన కూలీ హాజరే ప్రశ్నార్థకమైంది.

భారీ సమాచారానికి హార్డ్ డిస్కును మనిషి చేతికిచ్చి పంపడమూ నామోషీ కాదు. కృష్ణబిలం తొలి చిత్రం కోసం 2017లో టెలిస్కోపులు సేకరించిన సమాచారాన్ని శాస్త్రవేత్తలు డిస్కుల్లో నింపి విమానాల్లోనే తరలించారు. జిల్లా కేంద్రానికి బస్సులో వెళ్లే డిస్కును స్వీకరించేందుకు మాత్రం రాతపూర్వక ఉత్తర్వు కావాలి. చేరిన ఫైళ్ల సంఖ్యను, చెక్‌సమ్‌ను సరిచూసి రసీదు ఇచ్చేవరకు మూల దస్త్రాలను అటకెక్కించకూడదన్న నిబంధన కూడా ఆ ఉత్తర్వులోనే ఉండాలి.