స్కూటరు దీపము మసకబారినచో



గతమాసమున సంధ్యవేళ బజారునుండి మరలుచుండగా మా స్కూటరు దీపము మినుకుమినుకుమనెను. హారను గొంతు పూడిపోయెను. ఎదుటి గుంత కానరాక వెనుకనున్న చిన్నవానితో కూడ పడబోయితిని. మెకానిక్కు ఏమియు పరీక్షింపకయే క్రొత్త బ్యాటరీ వేసెను. మాసము తిరుగకమునుపే మరల అదే చీకటి. ధార రాని కొళాయిక్రింద కుండను మార్చిన నేమి ప్రయోజనము?

కావున ముందు మీటరుతో కొలిపింపుడు. ఇంజను ఆగియున్నప్పుడు మంచి బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపును. ఇంజను నడుపుచు వేగము పెంచినచో 13.5 మొదలు 14.5 వఱకు పెరుగవలెను. పెరుగనిచో లోపము విద్యుత్తు పుట్టించు తీగచుట్టలోనో, రెగ్యులేటరులోనో, తీగెల అతుకులలోనో యుండును. 15 దాటినచో రెగ్యులేటరు చెడినట్లే. అది బ్యాటరీని ఉడికించివేయును.

మా బండిలో దోషము తుప్పుపట్టిన ఎర్తు తీగెది. గీకి బిగించినంతనే వెలుగు మరలివచ్చెను. బ్యాటరీ కొనలపై తెల్లని పొడి పేరినచో ఇంజను ఆపి, ముందు నెగెటివు తీగెను విప్పింపుడు. శుభ్రపరచిన పిమ్మట దానిని కడపట బిగింపవలెను.

కొన్ని పాత బండ్లలో దీపమునకు విద్యుత్తు నేరుగా ఇంజనునుండియే వచ్చును. బండి నిలిచినపుడు వెలుగు మందగించుట వానికి స్వభావమే గాని వ్యాధి కాదు.

పాలనైనను కొలువక కొనని మనము, బ్యాటరీని మాత్రము కొలువక కొననేల?