తొలకరి వేళ తరగతి గది

బడులు తెరుచుకునే జూన్ మాసంలోనే తొలకరి కూడా మన ముంగిట వాలుతుంది. మట్టి వాసన రాగానే పిల్లల చూపు కిటికీ వైపు మళ్లుతుంది. చాలా తరగతి గదుల్లో దీనికి మనకు తెలిసిన ఉపాయం కిటికీ మూసివేయడం. వర్షపాతాన్ని వర్షమాపకంతో కొలుస్తారన్న వాక్యాన్ని పిల్లవాడు పదిసార్లు వల్లెవేస్తాడు. బయట కురుస్తున్న వాన ఎంతో మాత్రం అతనికి తెలియదు. ఇది చిన్న లోపం కాదు. చూడకుండానే ఒప్పుకునే అలవాటు ఇక్కడే మొదలవుతుంది.

వాన కొలవడానికి ఖర్చేమీ లేదు. అంచులు నిటారుగా ఉన్న ఖాళీ ప్లాస్టిక్ సీసాను పైనుండి మూడో వంతు దగ్గర కోసి, ఆ పై ముక్కను గరాటులా తలకిందులుగా అమర్చాలి. అడుగున గులకరాళ్లు వేసి, అవి మునిగే వరకు నీళ్లు పోసి, అక్కడ సున్నా గీత పెట్టాలి. ఆ గీత నుండి పైకి మిల్లీమీటర్ల కొలత గుర్తించాలి. చెట్లకు, చూరుకు దూరంగా ఆరుబయట ఉంచి, ప్రతి ఉదయం ఒకే వేళకు చూసి, నీటిని మళ్లీ సున్నా గీతకు తేవాలి. వాతావరణ శాఖ వారు చూసే వేళ ఉదయం 8.30.

అసలు పాఠం ఆ తర్వాతిది. ఒక చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు నీరు. 10 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు గల డాబాపై 20 మిల్లీమీటర్లు కురిస్తే 1,000 లీటర్లు. ఈ గుణకారం స్వయంగా చేసిన అయిదో తరగతి బాలికకు, వేసవిలో బిందెతో వరుసలో నిలబడిన తల్లి తప్పక గుర్తుకొస్తుంది. డాబా నీరు వీధి కాలువలోకి ఎందుకు పోతున్నదని ఆమె అడిగితే, ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసింది పెద్దలమే.

తొలి వానలకు నేలపై ఎర్రని మఖమల్‌లా మెరిసే ఆరుద్ర పురుగులు కూడా పాఠమే. ముట్టుకోకుండా కాళ్లు లెక్కించమనండి. ఎనిమిది! చీమకు ఆరే కదా? అయితే ఇది చీమకు చుట్టమా, సాలీడుకు చుట్టమా? జవాబు పిల్లలే చెబుతారు. చూడడం పూర్తయ్యాక దానిని దాని దారిన పోనివ్వడమూ ఆ పాఠంలో భాగమే.

"బడికి పంపింది ఆటలాడడానికా?" అని కొందరు తల్లిదండ్రులు అడుగుతారు. ఫీజు కష్టపడి కట్టేవారి ఆవేదన సహజమే. అయితే సుమారు వెయ్యేళ్ల క్రితం, బస్రాలో జన్మించిన ఇబ్నుల్ హైథమ్ చీకటి గదిలో చిన్న రంధ్రం గుండా వచ్చే వెలుగును పరీక్షించారు. కంటి నుండి కిరణాలు వెలువడడం వల్లనే చూడగలుగుతున్నామన్న ప్రాచీనుల మాటను అంగీకరించక, వెలుగే కంటిని చేరుతుందని 'కితాబుల్ మనాజిర్'లో నిరూపించారు. గొప్పవారి మాటనైనా పరీక్షకు నిలిపిన ఆ పద్ధతికి తొలి మెట్టు పిల్లల చేతిలోని సీసాయే.

ఇంట్లోనూ ఇది సాధ్యమే. నాలుగు కప్పుల్లో పెసలు వేయండి: ఒకటి పొడిగా, ఒకటి తడి దూదిపై వెలుతురులో, ఒకటి తడి దూదిపై చీకటి అలమరలో, ఒకటి నిండా నీటిలో. ఏది మొలకెత్తుతుందో పిల్లలు ముందే ఊహించి రాయాలి. చీకటిలో మొలక రాదని చాలామంది రాస్తారు. నాలుగు రోజులకు అలమర తెరిస్తే పాలిపోయి పొడవుగా సాగిన మొలకలు కనిపిస్తాయి. మొలకెత్తడానికి కావలసింది తడి, గాలి. పచ్చదనానికి కావలసింది వెలుతురు. ఈ సంగతిని ఆ బిడ్డ ఇక మరువదు.

కనుక "అమ్మీ, ఇదెందుకిలా ఉంది?" అన్న ప్రశ్న వినిపించినప్పుడు వెంటనే జవాబు చెప్పేయకండి, విసుక్కోనూ వద్దు. "నీకేమనిపిస్తోంది?" అని అడగండి. తరువాత ఇద్దరూ కలిసి చూడండి.