చలిలో గాలం పక్కన పెట్టండి

అన్నలూ, తమ్ముళ్లూ, పొద్దున ఆరింటికే దుప్పటి కప్పుకుని చెరువు కట్ట మీద గాలం వేసి కూర్చుంటున్నారు. ఎనిమిదైనా బెండు కదలదు. ఎట్లా కదులుతది? బొచ్చె, రవ్వ వెచ్చని నీళ్ల చేపలు. నీళ్లు చల్లబడితే మేత తగ్గించి లోతుకు పోతాయి. ఎండెక్కి పదకొండు దాటాకే కాస్త తిరుగుతాయి. వేయాలనుకుంటే అప్పుడు వేయండి, ఎర చిన్నది పెట్టండి.

అసలు ఇప్పుడు వేయకపోతేనే మేలంటాను. అవి వానాకాలంలో వదిలిన పిల్లలు. తెలంగాణలో 2016లో మొదలైన ఉచిత చేప పిల్లల పథకం కింద, ఏడాదంతా నీళ్లుండే చెరువుకు ఇచ్చే పిల్ల సైజు 80 నుంచి 100 మిల్లీమీటర్లు. సంక్రాంతి కూర కోసం పావుకిలో చేపను లాగితే ఏమొస్తది, ముళ్లు తప్ప? నీళ్లు వేడెక్కితే అదే చేప మళ్లీ మేత పట్టి బరువెక్కుతది. పాలు పోసుకునే వరిని కోస్తామా?

చెరువులో చేపల హక్కు సొసైటీది. మనం సరదాకు తీసే ప్రతి చేపా వాళ్ల కాటా మీద తగ్గుతది.

మన రైతుల సంగతీ ఉంది. యాసంగికి తూము ఎత్తి అడుగుదాకా నీళ్లు లాగేస్తే, ఎండాకాలం దాకా చేప ఎక్కడ బతుకుతది? ఎంత నీరు ఉంచాలో నాట్లకు ముందే సొసైటీ వాళ్లతో కూర్చుని తేల్చుకోండి. వల దిగిన రోజు కట్ట మీద కొట్లాడితే ఏం లాభం?