ముర్రుపాలు, మూడవనాటి రాత్రి

ఒక విద్య పసితనముననే అబ్బినదని చెప్పవలసి వచ్చినపుడు తెలుగువారు 'ఉగ్గుపాలతో నేర్చినది' అందురు. ఉగ్గనగా ఆముదము కలిపి పసిబిడ్డకు పట్టు చనుబాలు. పలుకుబడి అందమైనదే, దాని వెనుకనున్న అలవాటు అంత మేలైనది కాదు. తల్లిపాలకు మరియొకటి చేర్చినగాని బిడ్డకు చాలదను శంక మన యిండ్లలో చిరకాలముగా నున్నది. ఆముదము, తేనె, పంచదారనీళ్ళు, కొన్ని తావుల గాడిదపాలు ఆ శంకనుండి వచ్చినవే.

ఇంకొక వింత గలదు. ఆవు ఈనినదని తెలిసినంతనే జున్నుపాలకై ఇరుగుపొరుగులు గిన్నెలు పంపుదురు. తల్లి రొమ్మున తొలుత ఊరు పసుపువన్నె ముర్రుపాలను మాత్రము చెడ్డపాలని పిండి పారబోయించిన పెద్దలెందరో! ఆ పాలు స్వల్పమే; తొలినాడు బిడ్డ పొట్టయు చిన్నదే. ఒక తడవకు చెంచాడు చాలును. రోగముల నెదిరించు శక్తి ఆ చెంచాడులోనే దట్టముగా నుండును.

అయినను నేరమంతయు అమ్మమ్మలపై మోపుట న్యాయము కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము దేశమున నూటికి 88.6 కాన్పులు ఆసుపత్రులలోనే జరిగినవి. పుట్టిన గంటలోపల తల్లిపాలు త్రాగిన బిడ్డలు నూటికి 41.8 మాత్రమే. ఆ గంటలో అమ్మమ్మ గది వెలుపల నిలిచియున్నది. లోపలనున్నవారు చదువుకొన్నవారు. తెలంగాణమున నూటికి 60.7, ఆంధ్రప్రదేశమున 42.4 కాన్పులు శస్త్రచికిత్సతో జరిగినవని ఆ లెక్కలే చెప్పుచున్నవి. నడుమునకు మత్తిచ్చి కోసినపుడు తల్లి మెలకువతోనే యుండును. బిడ్డను ఆమె రొమ్మున చేర్చుటకు ఒక మనిషి, కొంత ఓర్పు కావలెను. ఆ మనిషి దొరకదు. బిడ్డ వేరొక గదికి పోవును.

తరువాత మూడవనాటి రాత్రి వచ్చును. పాలు నిండుగా పడుటకు రెండు మూడు దినములు, కోత పడిన తల్లికి ఒక్కొకప్పుడు మరికొంత కాలము పట్టును. తొలి దినములలో బిడ్డ బరువు కొంత తగ్గుటయు సహజమే. ఈ మాట బాలింతకు ముందుగా ఎవరును చెప్పియుండరు. బిడ్డ ఏడ్చును. మంచముచుట్టు నిలిచినవారిలో ఒకరు 'పాలు లేవు' అందురు. డబ్బా వచ్చును, సీసా వచ్చును. బిడ్డ చప్పరించినకొలది ఊరునవి చనుబాలు. చప్పరింపు తగ్గిన ఊరుటయు తగ్గును. వారము తిరుగకముందే ఆ మాట నిజమగును. 'మొదటనే చెప్పలేదా' అని పలికినవారు తలలాడింతురు. నిజముగా పాలు చాలని తల్లులును, వైద్యులు వేరుపాలు పట్టుమన్న బిడ్డలును ఉందురు. వారి సంగతి వేరు. వారిని నొప్పించుట ఎవరికిని తగదు.

చట్టములు లేకపోలేదు. శిశువులకు పట్టు డబ్బాపాల ప్రకటనలను 1992 నాటి చట్టము నిషేధించినది. 2017లో ప్రసూతి సెలవు, మొదటి యిద్దరు బిడ్డలవరకు, 26 వారములైనది. జీతపు చిట్టాలో పేరున్నవారికి అది వరమే. నాట్లకు పోవు కూలితల్లికి దాని ఊసే తెలియదు.

బాలింతకు కారప్పొడి, వెల్లుల్లి, పథ్యము అమర్చిన పాతకాలపు ఇల్లు, రాత్రి ఆమె ప్రక్కన మేలుకొనుటకు కాన్పులెరిగిన పెద్దామెను కూడ అమర్చినది. ఆ స్థానము నేటి వార్డులలో తరచు ఖాళీగా నున్నది. చనుమొన మాత్రమేగాక చుట్టునున్న నల్లని వలయమును కూడ బిడ్డ నోట పట్టునట్లు చూపుట, రేయింబవళ్ళలో ఎనిమిది మొదలు పన్నెండు తడవలు పాలిప్పించుట, వారము నిండిన బిడ్డ దినమునకు ఆరు గుడ్డలు తడిపినచో పాలు చాలుచున్నవని తల్లికి ధైర్యము చెప్పుట ఆమె పనులు. ఇందులకు యంత్రమేదియు అక్కరలేదు. ప్రతి కాన్పుల వార్డులోను రాత్రివేళ ఒక నర్సును ఈ పనికే నియమింపవలెను. మందులు పంచుట, చీట్లు వ్రాయుట ఆమెకు అప్పగింపరాదు.