నాటుడు సరే, సాదేదెవరు?

జర పొడుగు పోస్టు, కోపంతోని రాస్తున్న. చివరిదాకా చదవండి. ఇందులో తిట్లున్నయి, ఆ తిట్లల్ల నా వాటా కూడా ఉన్నది.

మొన్న మా ఊరి బడి కాడ మొక్కలు నాటే కార్యక్రమం అయింది. టెంటు వేసిండ్రు, మైకు పెట్టిండ్రు. వచ్చిన పెద్దమనిషి చెట్టు మీద మంచి పద్యం ఒకటి రాగం తీసి చదివిండు. మేమంతా చప్పట్లు కొట్టినం. తర్వాత ఒక్క మొక్కను పదిమంది పట్టుకొని ఫోటో దిగిండ్రు. నేను వెనక నిలబడి గుంత దిక్కు చూసిన. అది కొత్త గుంత కాదు. పోయినేడు ఇదే నెలల, ఇదే జాగల తవ్విన గుంత. అప్పటి మొక్క ఎండాకాలం దాటలేదు. అంతకు ముందేడుదీ దాటలేదు. గుంత మాత్రం ఏటా బతికే ఉంటున్నది.

పద్యంల తప్పు లేదు. పద్యాన్ని అంత అగ్గువకు వాడుకునుడే తప్పు.

మన బమ్మెర పోతన సంగతే తీసుకోండి. భాగవతం రాసిన కవి, వ్యవసాయం చేసుకొని బతికిండని పెద్దలు చెప్తరు. ఆయన దశమ స్కంధంల ఒక ముచ్చట ఉన్నది. కృష్ణుడు తోటి గొల్లపిల్లలతోని అడవిల పోతూ చెట్లను చూపించి వాళ్ల గుణం చెప్తడు. ఇవి ఎవరికీ చెడు చెయ్యవు, ఎండా వానా చలీ గాలీ తమ మీద పడనిచ్చి మనకు అడ్డం నిలబడతయి, అడిగినోళ్లకు ఉన్నదంతా ఇస్తయి అని దాని భావం. ఇక్కడ ఒకటి గమనించండి. ఆ మాటలు వింటున్నది ఎవరు? పశువులు కాసే పిల్లలు. ఎండల తిరిగేటోళ్లు. నీడ విలువ టెంటు కింద కూచున్నోనికి ఏం తెలుస్తది? ఇంకోటి, కృష్ణుడు చూపించింది అప్పటికే నిలబడ్డ చెట్లను. ముందు వాటిని చూడండిరా అన్నడు. మనం మాత్రం ఉన్నవాటిని కొట్టి, లేనివాటికి గుంతలు తవ్వుతున్నం.

పాత కవులు సప్త సంతానాలని ఏడు లెక్క పెట్టిండ్రు. కొడుకు ఒక సంతానం. చెరువు ఒకటి, తోట ఒకటి, గుడి ఒకటి, కావ్యం ఒకటి, ఇట్ల. అంటే కొడుకూ, చెట్టూ, పద్యమూ ఒకే ఇంటి పిల్లలు. అల్లసాని పెద్దన మనుచరిత్ర మొదట్ల, కృష్ణదేవరాయలు ఆయనను కావ్యం రాయమని అడుగుతూ, ఈ ఏడింటిల చెడిపోకుండ నిలిచేది కావ్యమొక్కటే అంటడు. రాయలవారు ఊరికే అనలేదు. మన ఊళ్లల్ల అదే అయింది. పద్యం మైకుల బతికే ఉన్నది, దాని తోబుట్టువు ఒడ్డు మీద చచ్చిపోయింది.

వాళ్లు సంతానం అన్నరు, లక్ష్యం అనలేదు. 2015ల హరితహారం మొదలైనప్పుడు 230 కోట్ల మొక్కలు లక్ష్యం అన్నరు. దేశంల వనమహోత్సవం 1950 నుంచి నడుస్తనే ఉన్నది. పని చేసినోళ్లు లేరని నేను అనను. కానీ కొడుకు పుట్టిన్నాడు పేపర్ల వేసి, తెల్లారి బజార్ల వదిలేస్తే వాన్ని తండ్రి అంటమా? మా బడి కాడ ఎన్ని నాటిండ్రో అందరికీ తెలుసు. ఎన్ని మూడెండలు దాటినయో ఎవరినడిగినా తెల్వదు.

ఇంకో దారి కూడా మనం చూసినం. ఖమ్మం జిల్లా రెడ్డిపల్లి వనజీవి రామయ్య గారు. 2017ల పద్మశ్రీ వచ్చింది, 2025ల పోయిండు. ఆయన గింజలు ఏరుకొని సైకిల్ మీద తిరిగి నాటిన మనిషి. టెంటు కోసం ఎదురుచూడలేదు.

సర్కారును తిట్టుడు అయింది. ఇగ మన దగ్గరికి రండి. మన ఒడ్ల మీద చెట్లు ఎవరు కొట్టిండ్రు? సర్కారోళ్లు కొట్టలేదు. మనమే కొట్టినం. నేనే కొట్టిన.

మా చెలక ఒడ్డు మీద మా నాయన పెంచిన యాప చెట్టు ఉండేది. మేకలు కొరకకుండ చుట్టూ కంప పెట్టి, బాయి నుంచి కుండతోని నీళ్లు మోసి సాదిండు. ఆరేండ్ల కింద, ట్రాక్టర్ మలుపుకు అడ్డమొస్తున్నదనీ, రెండు సాళ్ల పత్తి గిడసబారుతున్నదనీ బేరం పెట్టి కొట్టించిన. వచ్చిన పైసలు దేనికి పోయినయో కూడా ఇప్పుడు యాదికి లేదు. రెండేండ్లకు మిరప వేసిన. ఏప్రిల్ల కాయ ఏరుతుంటే, కూలికొచ్చిన ఒక పెద్దమ్మ వడదెబ్బ తగిలి సాళ్లల్లనే పడిపోయింది. పండబెడదామంటే ట్రాలీ కింది నీడ తప్ప ఇంకేం లేదు. ఆ ఇనుము కూడా కాలుతున్నది. నలుగురం మోసుకొని రెండు చేన్ల అవతల చింత కిందికి తీసుకపోయినం. బతికింది. కండ్లు తెరిచినంక ఒక్క మాటన్నది, "మీ నాయన చెట్టుంటే ఇంత దూరం మోద్దురా బిడ్డా?" ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

ఆ చెట్టుతోని ఇంకేం పోయిందో తర్వాత లెక్క చూసుకున్న. యాపగింజల పప్పు ఐదు కిలోలు దంచి, రాత్రంతా నానబెట్టి వడగట్టి, వంద లీటర్ల నీళ్లల్ల కలిపి కొట్టుకునేటోళ్లం. ఇప్పుడు అదే యాపనూనె డబ్బా దుకాణంల కొంటున్నం. కానుగ రొట్ట కోసి మడిల తొక్కిన చేతులు ఇప్పుడు యూరియా కోసం చెప్పులు లైన్ల పెడుతున్నయి.

దసరాకు జమ్మి ఆకు పంచుకుంటం. పాండవులు ఆయుధాలు దాచింది ఆ చెట్టు మీదనే అని విరాటపర్వం కథ చెప్పుకుంటం. పాలపిట్టను చూస్తే శుభం అంటం. రెండూ మన రాష్ట్రం గుర్తులే, ఒకటి చెట్టు, ఒకటి పిట్ట. ఇప్పుడు మా ఊర్ల జమ్మి కొమ్మ పట్నం నుంచి కొనుక్కొస్తున్నరు. పాలపిట్ట గూడు పెట్టేది ముసలి చెట్టు తొర్రల. పురుగును తిని చేనును కాసే పిట్ట అది. మొన్న బడి కాడ నాటిన మొక్కకు తొర్ర రావాలంటే మన మనుమలు ముసలోళ్లు కావాలె. అందుకే ఒక పెద్ద చెట్టు కొట్టి పది మొక్కలు పెడితే సరిపోతదనేది ఒట్టి మాట.

నీడ పడితే పంట రాదని అంటరు. నిజమే, అబద్ధమాడను. అందుకే చేను నడుమ పెట్టమంటలేను. బాయి కాడ పెట్టండి, బాట పక్కన పెట్టండి. ఉత్తరం ఒడ్డు మీద పెడితే యాసంగిల నీడ మన పైరు మీద పడది. పక్క చేను అన్నతోని ముందే మాట్లాడుకోండి, తర్వాత పంచాయితీ వద్దు. ఏటా కొమ్మలు కొట్టుకుంటే నీడా పలచనైతది, పొయ్యిలకూ వస్తది.

నాటితే రేపు అక్కరకు కొట్టుకోనియ్యరని ఇంకొందరి భయం. 2002 వాల్టా చట్టం ఉన్నది, పర్మిషన్ కోసం తిరగాలె. ఇది అడగాల్సిన సంగతే. రైతు తన ఒడ్డు మీద తాను పెంచిన చెట్టుకు దారి సులువు చెయ్యాలె. కౌలు రైతును మాత్రం అనకండి. వచ్చేడు భూమి ఉంటదో లేదో తెల్వనోడు ఇరవై ఏండ్ల చెట్టు ఎట్ల పెడతడు? అది పట్టాదారు చెయ్యాల్సిన పని.

నేను అడిగేది చిన్నది. ఈ వానాకాలం ఇంటికి రెండే పెట్టండి, యాపో, జమ్మో, చింతో, కానుగో. రెండు వందలు వద్దు. కంప కట్టండి. అడుగున సన్న బొక్క పెట్టిన కుండను మొదలు కాడ పాతి, ఎండాకాలం వారానికి రెండుసార్లు నింపండి. మూడో ఎండ దాటినంక ఫోటో దిగుదాం. అప్పుడు పద్యం కూడా చదువుదాం, నేనే చదువుత.

నాయన చెట్టు మొదలు పక్కనే ఇంకో యాప పెట్టిన. రెండెండలు దాటింది, నా ఛాతీ కాడికొచ్చింది. పెద్దమ్మ పనికొచ్చినప్పుడల్లా దాని దిక్కు చూసి, "ఎదుగుతున్నది బిడ్డా" అంటది. ఆమెకు డెబ్బై దాటినయి. ఆ నీడల ఆమె కూచుంటదో లేదో నాకు తెల్వదు.

మీ ఒడ్డు మీద పెద్ద చెట్టుకు బేరం అడుగుతున్నోళ్లు ఎవరన్నా ఉంటే, ఈ ఒక్క ఏడు ఆగండి.