ఆరోగ్యమే మహాభాగ్యం: రిపోర్టు బాగుందని మందు మానవచ్చునా?

వైద్యశాలలో మేము తరచుగా వినే మాట ఒకటున్నది: "డాక్టరుగారూ, షుగరు నార్మల్‌కు వచ్చింది, మాత్రలు ఆపేశాను." చెప్పేవారి ముఖంలో సంతోషం తొణికిసలాడుతుంది. కొన్నాళ్ళకు వారిలో కొందరు అరికాళ్ళ మంటలతోనో, మానని పుండుతోనో తిరిగి వస్తారు. రక్తపరీక్ష చెప్పిన శుభవార్తను తప్పుగా అర్థం చేసుకున్నందువల్ల కలిగే నష్టమిది. ఈ నెల ఆ విషయాన్నే ముచ్చటించుకుందాం.

రెండవ రకం మధుమేహంలో ఇన్సులిన్ బొత్తిగా లేకపోదు. క్లోమగ్రంథి దానిని తయారు చేస్తూనే ఉంటుంది. కాని కాలేయం, కండరాలు దానికి సరిగా స్పందించవు. ఆ లోటు పూడ్చడానికి క్లోమం అదనంగా శ్రమించి, ఏళ్ళు గడిచేకొద్దీ అలసిపోతుంది. సాధారణంగా మొదట ఇచ్చే మెట్‌ఫార్మిన్ మాత్ర, కాలేయం రక్తంలోకి విడుదల చేసే చక్కెరను తగ్గిస్తుంది. మాత్ర మానితే కాలేయం మళ్ళీ పాత దారి పడుతుంది. కళ్ళజోడు పెట్టుకుంటే అక్షరాలు స్పష్టంగా కనిపించాయని, ఇక జోడు అక్కరలేదని ఎవరైనా అనుకుంటారా? రిపోర్టు బాగుండడమంటే వ్యాధి పోయిందని కాదు, చికిత్స పనిచేస్తున్నదని అర్థం.

ఈ వ్యాధిలో చిక్కేమిటంటే, పెరిగిన చక్కెర నొప్పి పెట్టదు. అది నిశ్శబ్దంగా కంటిపొరను, మూత్రపిండాలను, నరాలను, గుండెను దెబ్బతీస్తుంది. బ్రిటన్‌లో 1977లో ప్రారంభమైన సుదీర్ఘ పరిశోధన ఫలితాలు 1998లో వెలువడ్డాయి. చక్కెరను గట్టి అదుపులో ఉంచుకున్నవారిలో కళ్ళు, మూత్రపిండాలు మొదలైన చోట్ల సూక్ష్మ రక్తనాళాలకు కలిగే హాని సుమారు 25 శాతం తగ్గినట్లు అందులో తేలింది. మన దేశంలో మధుమేహులు 10 కోట్లకు పైగా ఉన్నారని 2023లో ప్రచురితమైన జాతీయ అధ్యయనం అంచనా వేసింది. కనుక ఇది ఏ ఒక్క ఇంటి సమస్యో కాదు.

మందు మానడం ఎంత పొరపాటో, వేళ తప్పి వాడడమూ అంతే పొరపాటు. రాత్రి షిఫ్టుకు వెళ్ళే ఒక ఉద్యోగి గ్లిమిపిరైడ్ మాత్ర వేసుకుని, ఆలస్యమైందని భోజనం చేయకుండానే డ్యూటీకి వచ్చారు. అర్ధరాత్రి యంత్రం దగ్గర చెమటలు, వణుకు, తడబడే మాట. తోటివారు మొదట మద్యం సేవించారని అనుమానించారట! నిజానికి చక్కెర పడిపోయింది. డెసిలీటరు రక్తంలో 70 మిల్లీగ్రాముల కంటే తగ్గితే జాగ్రత్తపడాలి. స్పృహలో ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి త్రాగించి, 15 నిమిషాల తరువాత మళ్ళీ పరీక్షించాలి. స్పృహ లేనివారి నోటిలో ఏమీ పోయరాదు, వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. షిఫ్టు మారినప్పుడల్లా మాత్ర వేళను, భోజన వేళను డాక్టరుతో చెప్పి సరిచేయించుకోవాలి. జేబులో కొంచెం గ్లూకోజు పొడి, తోటివారికి మీ వ్యాధి సంగతి తెలిసి ఉండడం ప్రాణరక్షకాలు.

ఇక ఆహారం. అన్నం పూర్తిగా మానమని ఎవరూ అనరు. కంచంలో సగభాగం కూరగాయలు, ఆకుకూరలు. పావుభాగం పప్పు, గ్రుడ్డు లేదా చేప. మిగిలిన పావుభాగమే అన్నం లేదా జొన్నరొట్టె ఉండేటట్లు చూసుకుంటే చాలు. అన్నం బదులని ఆరేడు చపాతీలు తింటే ప్రయోజనం లేదు. రాగులు మంచివే అయినా, మెత్తగా కాచిన జావ చక్కెరను త్వరగా పెంచుతుంది. టీ లెక్క కూడా వేసుకోండి: కప్పుకు రెండు చెంచాల చొప్పున రోజుకు అయిదు కప్పులైతే పది చెంచాల పంచదార! మెంతులు, కాకరకాయ తినవచ్చు, కాని అవి మాత్రలకు ప్రత్యామ్నాయం కావు.

వారానికి 150 నిమిషాల చురుకైన నడక అవసరం. అంటే రోజుకు అరగంట, వారానికి అయిదు రోజులు. భోజనానంతరం పది నిమిషాలు నడిచినా మేలే. పొగాకు మానడం తప్పనిసరి. కర్మాగారంలో పనిచేసేవారు మరొకటి గుర్తుంచుకోవాలి. స్పర్శ తగ్గిన పాదానికి బూటులో పడిన రాయి తెలియదు. కనుక బూటు తొడిగేముందు లోపల తడిమి చూడండి, రాత్రి పడుకోబోయే ముందు పాదాలు పరీక్షించుకోండి.

మూడు నెలల సగటు చక్కెరను తెలిపే హెచ్‌బీఏ1సీ చాలామందికి 7 శాతం కంటే తక్కువ ఉండాలి. వృద్ధులకు డాక్టరు వేరే లక్ష్యం నిర్ణయించవచ్చు. ఏడాదికొకసారి కళ్ళు, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు చేయించుకోవాలి. రక్తపోటు, కొలెస్టరాల్ కూడా అదుపులో ఉండాలి. మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడేవారిలో బీ12 విటమిన్ తగ్గవచ్చు కనుక దానినీ చూపించుకోవాలి.

మరి మాత్రలు ఎన్నటికీ తగ్గవా? తగ్గవచ్చు. వ్యాధి బయటపడిన కొద్ది సంవత్సరాలలోనే బరువు బాగా తగ్గించుకున్న కొందరికి మందు లేకుండానే చక్కెర అదుపులో ఉంటున్నది. కాని ఆ నిర్ణయం డాక్టరుది. ఆ తరువాత కూడా పరీక్షలు ఆపకూడదు.

చివరిగా కుటుంబ సభ్యులకు ఒక మనవి. రోగికి ప్రత్యేకంగా చప్పిడి కూడు వండి వేరుగా కూర్చోబెట్టకండి. పైన చెప్పిన భోజనం ఇంటిల్లిపాదికీ మంచిదే. అందరూ అదే తింటే ఆయనకో, ఆమెకో పథ్యమన్న భావన కలగదు. ఈసారి రిపోర్టు బాగుంటే మాత్రలు పారవేయకండి. ఆ రిపోర్టునూ, మాత్రలనూ వెంట తీసుకుని డాక్టరు వద్దకు రండి.